ప్రహరీ గోడ అవతలి ముఖం: గిలాబుకు ఎంత జాగా కావాలి?

ప్రహరీ గోడ లోపలి ముఖానికి గిలాబు చేయడం తేలిక. ఆవరణ సొంతదే కాబట్టి మేస్త్రి ఎక్కడైనా నిలబడతాడు. చిక్కంతా బయటి ముఖంతోనే. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రాలయ్యాయి. వీటి శివారు కాలనీల్లో లోపల నున్నగా రంగు, బయట ఒట్టి ఇటుకతో ఉన్న గోడలు కనిపిస్తూనే ఉంటాయి. చాలాచోట్ల డబ్బు చాలక కాదు, మనిషి నిలబడే చోటు లేక అవి అలా మిగిలిపోతాయి.

గిలాబు పని జరిగే తీరు చూస్తే ఎంత జాగా కావాలో అర్థమవుతుంది. మేస్త్రి గోడకు అడుగున్నర దూరంలో నిలబడి, తాపీతో మాలును విసిరి కొడతాడు. మెల్లగా అద్దితే అది ఇటుక సందుల్లోకి దిగదు, నాలుగు రోజులకే ఊడిపోతుంది. ఆ తర్వాత ఐదారు అడుగుల బద్దను రెండు చేతులా పట్టుకుని కింది నుంచి పైకి లాగుతాడు. అప్పుడు మోచేతులు రెండు పక్కలా, వెనక్కీ విచ్చుకుంటాయి. కింది వరుసల దగ్గర నడుము వంచితే ఒళ్లు ఇంకా వెనక్కి వస్తుంది. రెండడుగుల సందులో ఇదంతా అతి కష్టం, పని నాణ్యతా తగ్గుతుంది. మూడడుగులుంటే మేస్త్రి సాఫీగా చేస్తాడు, గమేళా మోసే కూలీ వెనక నుంచి నడవగలుగుతుంది. గోడ ఐదడుగులు దాటితే బల్లలు వేసి పలక పరచాలి కాబట్టి నాలుగడుగులు ఉండడం మేలు.

మాలు కలిపే చోటూ దగ్గర్లోనే ఉండాలి. సిమెంటు నీళ్లు తగిలిన అరగంట తర్వాత గట్టిపడడం మొదలుపెడుతుంది. వీధి చుట్టూ తిప్పి మోసుకురావాల్సి వస్తే కొంచెం కొంచెంగా కలుపుకోవడమే దారి. గట్టిపడిన మాలులో మళ్లీ నీళ్లు పోసి వాడితే ఆ పూత నిలవదు.

మందం లెక్క కూడా చాలామంది మరచిపోతారు. ఇటుక గోడకు 12 నుంచి 15 మిల్లీమీటర్ల పూత పడుతుంది, ఎగుడుదిగుడు రాతి గోడకు 20 వరకు పోతుంది. గోడను సరిగ్గా హద్దు మీదే లేపితే ఈ పూత పక్కవారి స్థలంలోకి వెళ్తుంది. పునాది ఎప్పుడూ గోడకంటే వెడల్పే కాబట్టి హద్దు దాటకుండా దాన్నీ లోపలికి జరపాలి. గోడ తల మీది కప్పు వాలును కూడా సొంత వైపుకే పెట్టాలి.

అవతలి వైపు పని ఒక్క రోజుతో తీరేది కాదు. గిలాబు చేశాక కనీసం ఏడు రోజులు తడపాలి. పాలమూరు ఎండల్లో ఫాల్గుణం దాటాక చేసిన పూత రెండు పూటలా నీళ్లు పడకపోతే నెర్రెలిస్తుంది. గద్వాల చుట్టూ ఉన్న నడిగడ్డ ప్రాంతపు నల్లరేగడి నేలల్లో భూమి ఉబ్బి, కుంచించి గోడే కదులుతుంది కనుక, బీటల మరమ్మతుకు ఏళ్ల తర్వాత కూడా అటు వెళ్లాల్సి వస్తుంది.

ఇంగ్లండ్, వేల్స్‌లలో 1992 నాటి చట్టం కింద, ఉన్న కట్టడాన్ని కాపాడుకునే మరమ్మతు కోసం పక్క స్థలంలోకి వెళ్లేందుకు కోర్టును అడగవచ్చు. మన దగ్గర ఈ వ్యవహారం ఎక్కువగా మాట మీదే నడుస్తుంది. అందుకే పునాది తవ్వే ముందే పక్కింటివారితో మాట్లాడాలి. ఏ తేదీల్లో వస్తారో, మొక్కలకు గోనెపట్టాలు ఎవరు కప్పుతారో, రాలిన మాలును ఎవరు ఎత్తిపోస్తారో తేల్చుకుని కాగితం మీద రాసుకోవడం ఇద్దరికీ మంచిది. పక్క ప్లాటు ఖాళీగా ఉండగానే బయటి గిలాబు ముగించడం అన్నిటికంటే తెలివైన పని. అక్కడ ఇల్లు లేచి అడుగు సందు మిగిలాక ఏ మేస్త్రీ ఏమీ చేయలేడు.

అలాంటి సందే మిగిలే చోట కట్టేటప్పుడే జాగ్రత్తపడాలి. లోపలి నుంచే వరుస వరుసకూ బయటి దర్జులను మాలుతో నింపి, తాపీతో నొక్కి చదును చేస్తే వాన నీరు చాలావరకు ఆగుతుంది. ఇరుగుపొరుగు కలిసి హద్దు మీద ఉమ్మడి గోడ కట్టుకుంటే ఎవరి వైపు గిలాబు వారే చేసుకుంటారు, జాగా కోసం ఒకరినొకరు అడగాల్సిన పనే ఉండదు.