వంతు వచ్చేదాకా ఆగే యుద్ధం

2000 ప్రాంతంలో భిలాయి సెక్టర్ 7లోని మా క్వార్టర్లో ఉన్నది ఒకటే కంప్యూటర్. దాని మీద నేనూ మా బావా 'హీరోస్ ఆఫ్ మైట్ అండ్ మ్యాజిక్ 3' ఆడేవాళ్లం. ఒకరి వంతు పూర్తయ్యాకే రెండోవాళ్ల వంతు. బావది ఉక్కు కర్మాగారంలో షిఫ్ట్ డ్యూటీ. నైట్ షిఫ్ట్‌కి బయల్దేరే ముందు తన ఎత్తు వేసి వెళ్లేవాడు. పొద్దున వచ్చేసరికి నాది సిద్ధం. ఒక్కో యుద్ధం నెల సాగేది.

1991లో మొదలైన 'సివిలైజేషన్'కు 2025లో ఏడో భాగం వచ్చింది. చేతివేగంతో నడిచే ఆటలు ఎన్ని వచ్చినా ఈ తరహా చావలేదు. ఇందులో కావలసినంత సేపు ఆలోచించుకోవచ్చు. అందుకే ఓడితే సాకు దొరకదు.

సైన్యాలకు ఇది కొత్త కాదు. 1824లోనే ప్రష్యా సైన్యం మ్యాపు, పాచికలు, తీర్పరితో 'క్రీగ్‌స్పీల్' ఆడించి అధికారులకు శిక్షణ ఇచ్చింది. 1942లో మిడ్‌వే దాడికి ముందు జపాన్ నౌకాదళమూ అలాంటి ఆటే ఆడింది. అందులో తమ విమానవాహక నౌకలు రెండు మునిగాయని తేలింది. అధ్యక్షత వహించిన ఉగాకి ఆ లెక్క తగ్గించారనీ, మునిగిన 'కాగా'ను తర్వాతి ఘట్టంలో మళ్లీ తేల్చారనీ నౌకాదళ వైమానికుడు ఫుచిదా తర్వాత రాశారు. జూన్‌లో అసలు యుద్ధంలో నాలుగు నౌకలు మునిగాయి. వాటిలో కాగా ఒకటి. ఓడిపోతున్నప్పుడు పాత 'సేవ్' తెరిచి బావను మోసం చేసినవాణ్ణి కనుక నేను ఉగాకిని పెద్దగా ఏమీ అనలేను.

నా వంతులో శత్రువు చేతులు కట్టుకు కూర్చోవడం అబద్ధమే. డ్రోన్, క్షిపణి అలా ఆగవు. అయితే ఆయుధం తయారీ మాత్రం వంతులవారీగానే సాగుతుంది. 'సివిలైజేషన్'లో ఓడ కట్టమంటే ఇంకా ఎన్ని వంతులు పడుతుందో తెర మీద అంకె కనిపిస్తుంది. విక్రాంత్‌కు కావలసిన ఉక్కును హైదరాబాద్ డీఎంఆర్‌ఎల్, సెయిల్ కలిసి ఇక్కడే రూపొందించాయి. ప్లేట్లు తయారైన చోట్లలో భిలాయి ఒకటి. 2009 ఫిబ్రవరిలో కీల్ వేశారు. 2022 సెప్టెంబర్ 2న నౌక దళంలో చేరింది.

ఆ సాయంత్రం బావ ఫోన్ చేశాడు.

"నెలకో వంతు అనుకుని లెక్కెయ్యరా."

వేశాను. 162.