అశ్లీలపద నిరోధము - అర్థవిచారము

వయోజనులకై నిర్దేశింపబడిన పలు వీడియో క్రీడలలో పాత్రలు నిస్సంకోచముగ బూతులాడును. క్రీడాకారులు తమలో తాము వ్రాసికొను సంభాషణమున ఆ మాటయే వచ్చినచో నక్షత్రపు గుర్తులుగా మాఱును. అమెరికాలో వయశ్శ్రేణిని నిర్ణయించు ఇ.ఎస్.ఆర్.బి. ఆటలోని విషయమునే పరిశీలించును గాని యీ సంభాషణమును గాదు. కావున దాని కట్టడి నిర్మాతల పాలయ్యెను.

వారు వాడు సామాన్యమైన జల్లెడ నిషిద్ధపదముల పట్టికతో అక్షరముల వరుసను సరిపోల్చును, అర్థము నెఱుగదు. 1996లో అమెరికా ఆన్‌లైన్ అను సంస్థ ఇంగ్లండులోని స్కన్‌థార్ప్ పట్టణవాసులకు ఖాతాలు నిరాకరించుట కిదియే హేతువు: ఊరిపేరి నడుమ నొక బూతుమాట యక్షరములు దాగియున్నవి! సంధులచే పదములు కలిసిపోవు తెలుగున నీ చిక్కు మఱింత హెచ్చును.

2020లో వాల్వ్ సంస్థ తన స్టీమ్ వేదికపై జల్లెడను ఉంచుకొనుటయో తీసివేయుటయో చదువరి యిష్టమునకు విడిచెను. వయోజనుల విషయమున నిదియే సమంజసమని మేము తలంతుము. మిత్రుని పరిహాసమును అపరిచితుని దూషణమును వేఱుచేయగలవాడు చదువువాడే కదా.