రాట్నముచెంత నిలిచిన భాష

బాల్టికు సముద్రపు తూర్పుతీరమున లిథువేనియా, లాట్వియా యను రెండు చిన్నదేశములు గలవు. మొదటిదాని భాషను మాటలాడువారు సుమారు 30 లక్షలు. రెండవదానిని మాతృభాషగా గలవారు సుమారు 15 లక్షలు. పొరుగుననే యున్న ఎస్తోనియావారి భాష వేఱొక కుటుంబమునకు జెందినది. బాల్టికు కుటుంబమున నేడు సజీవములై యున్నవి యీ రెండు భాషలే. వీనికి దోబుట్టువగు ప్రాచీన ప్రష్యను భాష పదునెనిమిదవ శతాబ్దారంభమున నశించినది. ఒక కుటుంబమున బుట్టినవానిలో నొకటి యేల నశించెను? తక్కినవి యేల బ్రదికెను?

లిథువేనియను భాష సంస్కృతపరిచయము గలవారికి మిగుల నాశ్చర్యము గలిగించును. ఆ దేశమువారు కుమారుని 'సూనుస్' అందురు. అగ్నిని 'ఉగ్నిస్' అందురు. పొగను 'దూమస్' అందురు. తోడేలును 'విల్కస్' అందురు. సూనుడు, అగ్ని, ధూమము, వృకము అను మాటలు మన మెఱిగినవే కదా! ఇవి యొకరినుండి యొకరు అరువు దెచ్చుకొన్నవి కావు. అతిప్రాచీనమగు నొక మూలభాషనుండి యుభయులకును సంక్రమించిన పిత్రార్జితము. అందుచేతనే ఆగస్టు ష్లైఖరను జర్మను పండితుడు 1852లో లిథువేనియను కర్షకుల పల్లెలకేగి, వారినోట నా భాష నేర్చి, 1856లో దాని వ్యాకరణమును బ్రకటించెను. ఐరోపా పండితులు దాని ప్రాచీనతను వేనోళ్ల గొనియాడిరి. కాని యా ప్రశంస దానికి రక్షాకవచము కాలేదు.

1795 నాటికి లిథువేనియాలో నధికభాగము రష్యా చక్రవర్తుల వశమయ్యెను. 1863లో జనులు తిరుగబడి యోడిపోయిరి. ఆ మఱుసటి యేటినుండి లాటిను లిపిలో లిథువేనియను పుస్తకములు ముద్రింపరాదని ప్రభుత్వము నిషేధించెను. అనతికాలముననే వాని దిగుమతియు, విక్రయమును నేరములయ్యెను. లాట్వియా తూర్పుభాగమగు లాట్‌గాలెకును ఈ శాసనము వర్తించెను. రష్యను లిపిలో నచ్చువేసిన లిథువేనియను పుస్తకములను ప్రభుత్వమే పంచిపెట్టబూనెను. మాట మీదే యుండగా అక్షరము మాదైన నేమి యనుట యధికారుల తంత్రము. లిపితో నారంభమైనది మతమునకును, భాషకును బ్రాకునని పల్లెజనులు గ్రహించిరి. ఆ పుస్తకములను స్వీకరింపరైరి.

బిషప్పు వలాంచ్యుస్ సరిహద్దు కావలనున్న తూర్పు ప్రష్యాలో ముద్రణకు రహస్యముగా నేర్పాటు గావించెను. టిల్సిట్టు మొదలగు పట్టణములలో నచ్చయిన ప్రార్థనపుస్తకములు, పంచాంగములు, బాలశిక్షలు గోతములలోను, గడ్డిబండ్లలోను రాత్రివేళ సరిహద్దు దాటెడివి. మోసినవారిలో బెక్కండ్రు సామాన్యకర్షకులు. పట్టువడినవారికి జెఱసాల, సైబీరియా ప్రవాసము. కావలివారి తుపాకిగుండ్లకు బలియైనవారును గలరు. యూర్గిస్ బియెలినిస్ అను కర్షకపుత్రుడు ఈ పనికే జీవితమును ధారవోసెను. అతడు జన్మించిన మార్చి 16వ తేదీని ఆ దేశమువారు నేటికిని పుస్తకవాహకుల దినముగా బాటించుచున్నారు. 1883లో బసనావిచ్యుస్ స్థాపించిన 'ఔష్రా' పత్రికయు ఈ మార్గముననే వచ్చెడిది. ఆ పేరు మన 'ఉషస్సు'నకు దోబుట్టువే.

ప్రభుత్వపాఠశాలలలో మాతృభాషకు దావు లేకపోగా, తల్లులు రాట్నము వడకుచు బిడ్డలను జేరువ గూర్చుండబెట్టుకొని యక్షరములు నేర్పిరి. శిల్పి పెత్రాస్ రిమ్షా 1906లో ఈ దృశ్యమునే శిల్పముగా మలచెను. నలువది యేండ్లు గడచినపిదప, 1904 మే 7వ తేదీని ప్రభుత్వము తన నిషేధమును దానే రద్దు చేసికొనెను. ఆ యేటి చివరనే విల్నియస్ నగరమున లిథువేనియను దినపత్రిక బహిరంగముగా వెలువడెను. 1918లో లిథువేనియాయు, లాట్వియాయు స్వాతంత్ర్యమును బ్రకటించినవి. 1940లో సోవియట్టు సేనలు ఆక్రమించిన యా దేశములు 1990–91లో మరల స్వతంత్రములైనవి. నేడు వాని రాజభాషలు ఆ కర్షకుల భాషలే.

ఇక ప్రష్యను భాషను దలంతము. దానిలో మొదటి పుస్తకము 1545లో నచ్చయ్యెను. లిథువేనియనులో మొదటి పుస్తకము 1547లో నచ్చయ్యెను. రెండును క్యోనిగ్స్‌బర్గు నగరముననే ముద్రితములు. ముందుగా నచ్చుకెక్కిన భాషయే నశించెను! పదుమూడవ శతాబ్దమున జర్మను వీరసంఘమువారు ప్రష్యనులను జయించిరి. వారి భూములు చేజాఱెను. వలసవచ్చినవారి భాష క్రమముగా వారి యిండ్లలో బ్రవేశించెను. మతబోధకై పాలకులు వేయించిన పుస్తకములు మిగిలినవి. ఇంట జదువు బిడ్డలు మిగులలేదు.

ప్రాచీనత భాషకు గౌరవము నొసగును. అచ్చుయంత్రము దానికి సాధనము నొసగును. ప్రాణము నొసగునది మాత్రము ఇల్లు. రాట్నముకడ గూర్చున్న యా తల్లి యెఱిగిన దింతమాత్రమే; ఒక సామ్రాజ్యము దానిని దెలిసికొనుటకు నలువది యేండ్లు పట్టెను.