క్రీడా విద్యార్థి కంచంలో తగ్గుతున్న అన్నం

2024 ఆగస్టు 1న పారిస్ ఒలింపిక్స్‌లో ఓడిన తరువాత నిజామాబాదు బాక్సర్ నిఖత్ జరీన్ ఒక సంగతి వెల్లడించారు. బరువు పరిమితి దాటకుండా ఉండేందుకు రెండు రోజులుగా ఏమీ తినలేదని, తూకం అయిన తరువాతనే నీరు తాగానని, కోలుకొనే వ్యవధి దొరకలేదని ఆమె చెప్పారు. 2022లో ఆమె ప్రపంచ విజేతగా నిలిచినది 52 కిలోల విభాగంలో. ఆ విభాగం ఒలింపిక్స్‌లో లేనందున 50 కిలోలకు దిగవలసి వచ్చింది. శిక్షకులు, వైద్యులు వెంట ఉన్నవారి స్థితియే ఇది. హాస్టల్ గదిలో ఎవరికీ చెప్పకుండా రాత్రి భోజనం మానే విద్యార్థి గతి ఏమిటి?

ఉత్తర చెన్నైలో బాక్సింగ్‌కు పాత చరిత్ర ఉంది. రాయపురం వంటి పేటల పిల్లలకు స్పోర్ట్స్ కోటా కళాశాల చదువుకు ఒక మార్గం. సీటు ఆటవలన వచ్చినది కనుక, తూకపు యంత్రం చూపే అంకె వారికి పరీక్ష మార్కులకంటె పెద్దదవుతుంది. పరుగు పందేలవారిలో సన్నబడితే వేగం పెరుగుతుందన్న నమ్మకం మరొకటి. అబ్బాయిలు కండల కోసం ప్రొటీన్ పొడుల వెంట పడుతున్నారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలలో వాటిని వద్దనే చెప్పింది.

తిన్న ఆహారంలోని శక్తి వ్యాయామానికి ఖర్చు కాగా, మిగిలినదానితోనే ఎముకలు, రక్తం, హార్మోన్ల పని సాగాలి. ఆ మిగులు చాలనప్పుడు ఎముకలలో సన్నని పగుళ్లు, మానని గాయాలు, తరచూ జలుబు, చిరాకు కనబడతాయి. అమ్మాయిలకు ఋతుస్రావం ఆగిపోవచ్చు. దీనిని గట్టి శిక్షణకు గుర్తుగా భావించేవారున్నారు, అది కానేకాదు. మూడు నెలలు రాకపోతే వైద్యులను చూడవలసిందే. ఈ స్థితి పురుషులకూ కలుగుతుందని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లోనే స్పష్టం చేసింది. చూపులకు బరువు మామూలుగా ఉన్నవారిలోనూ ఇది దాగి ఉండవచ్చు.

నీరు మానడం మరింత ప్రమాదకరం. 1997 చివర అమెరికాలో కొద్ది వారాల వ్యవధిలో ముగ్గురు విశ్వవిద్యాలయ కుస్తీ క్రీడాకారులు బరువు దించుకొనే ప్రయత్నంలోనే మరణించారు. ఆ తరువాత అక్కడ చెమట పట్టించే రబ్బరు దుస్తులను నిషేధించి, తూకాన్ని పోటీ సమయానికి దగ్గరగా జరిపారు.

ఇక మన ఇళ్ల మాట. పెళ్లిలో కలిసిన మేనత్త కుశలప్రశ్నకు బదులుగా "ఒళ్లు చేశావే!" అంటుంది. అందులో ద్వేషం లేదు, కాని పందొమ్మిదేళ్ల పిల్ల ఆ మాటను ఏడాదిపాటు మోస్తుంది. శనివారం ఉపవాసం క్రమంగా గురువారానికీ సోమవారానికీ పాకినప్పుడు దానిని భక్తిగా మెచ్చుకొనేముందు ఒకసారి గమనించండి. ఫోనులో "తిన్నావా?" అంటే "తిన్నాను" అన్న జవాబే వస్తుంది. ఏమి తిన్నావు, ఎవరితో తిన్నావు అని అడగడం మేలు.

మంచి ఆహారానికి పెద్ద ఖర్చు అక్కరలేదు. కాశిమేడు చేపలు, గుడ్లు, ఉడికించిన సెనగలు, వేరుసెనగ, పెసరట్టు, రాగి సంకటి చాలు. సాధన ముగిసిన వెంటనే ఏదో ఒకటి తినాలి. బరువు తగ్గవలసి ఉంటే, వైద్యుల సలహాతో పోటీకి చాలా వారాల ముందే నెమ్మదిగా ఆరంభించాలి.

తిండి గురించిన భయం ముదిరినట్లు తోస్తే స్టాన్లీ ప్రభుత్వ ఆసుపత్రిలోని మానసిక వైద్య విభాగాన్ని సంప్రదించవచ్చు. టెలి మానస్ 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు.