వెడల్పు బండ్లకు ఇంటి షెడ్డులో లిఫ్టు - ఎంచుకొనుట ఎట్లు?

ఎడ్లబండికి కందెన వేయవలసి వచ్చినపుడు మన పెద్దలు ఇద్దరు మనుష్యులచే బండిని ఒక ప్రక్కకు ఎత్తించి, దుంగ ఆనించి, పని ముగించెడివారు. నేడు అదే పెరటిలో స్కార్పియోయో, పికప్పు బండియో, ట్రాక్టరో నిలిచియున్నది. బరువు రెండు టన్నులకు అటునిటు. ఎత్తు పద్ధతి మాత్రము చాల ఇండ్లలో దుంగ కాలము నాటిదే.

రెండు నెలల క్రిందట మట్టి నమూనాలు తీయుటకు ఒక గ్రామమునకు పోయితిని. ఒక రైతు ఇంటి షెడ్డులో బండి ముందుభాగము జాకీ మీదను, రెండు సిమెంటు ఇటుకల మీదను ఉన్నది. ఆయన కుమారుడు దాని క్రింద పడుకొని నూనె దింపుచుండెను. పిలిచితే బయటకు వచ్చి, "ఏం కాదు సార్, ఎప్పుడూ ఇట్లాగే చేస్తాం" అనెను. మేము టీ త్రాగుచుండగా ఒక ఇటుక నిలువునా చీలినది. తండ్రి ఏమియు మాటాడలేదు. నేను బయలుదేరునపుడు మాత్రము, "లిఫ్టు కొందామనుకుంటున్నానండీ, ఏది కొనాలో చూసి చెప్పండి" అని అడిగిరి.

ఆయనకు అప్పటికే ఒక వర్తకుడు "నాలుగు టన్నుల లిఫ్టు, ఏ బండి అయినా ఎక్కుతుంది" అని చెప్పియుండెను. ఈ మాట నమ్మి బయానా ఇయ్యరాదు. లిఫ్టు ఎన్ని టన్నులు మోయుననునది ఒక సంగతి, మీ బండి దానిలో పట్టుననునది వేరొక సంగతి.

ముందుగా టేపు తీసికొనుడు. బొలేరో వెడల్పు 1,745 మిల్లీమీటర్లు, ఫార్చ్యూనరు 1,855, స్కార్పియో-ఎన్ 1,917. కంపెనీ కాగితములోని ఈ కొలతలలో ప్రక్క అద్దములు సాధారణముగా చేరవు. అద్దములు తెరచియున్నచో ఇంకొక జానెడు కలుపుకొనవలెను. లిఫ్టు కాగితములో మూడు వెడల్పులు వేరువేరుగా ఉండును: స్తంభముల వెలుపలి కొలత, రెండు స్తంభముల నడిమి కొలత, బండి దూరిపోవు దారి కొలత. మొదటిది అన్నిటికంటె పెద్దది. అమ్మువారు చెప్పునది తరచు అదే. మీరు అడుగవలసినది మూడవది. బండి దూరినంత మాత్రమున చాలదు. లోపలికి నడిపినవాడు తలుపు తెరచుకొని దిగవలెను గదా! స్తంభమునకు తలుపు తగులు సందర్భములు కలవు. కొన్ని లిఫ్టులలో స్తంభములను కొంచెము త్రిప్పి నిలిపి, బండి కొంత వెనుకకు నిలుచునట్లు చేసెదరు. వెడల్పు కార్లకు ఇది అనుకూలము. వెనుక బరువు వేసికొను పికప్పులకు మాత్రము బరువు నడుమకు వచ్చునట్లు నిలుపగల రకమే మేలు.

అట్లని అన్నిటికంటె వెడల్పైన లిఫ్టును కొనుటయు పొరపాటే. ఆ రైతు ఇంట ఆల్టో కూడ ఉన్నది. దాని వెడల్పు 1,490 మాత్రమే. స్తంభములు మరీ దూరమైనచో చేతులు సాగి సాగి, చిన్నకారు క్రింది ఎత్తుస్థానములకు అందవు. అందీ అందక కొన మీద ఆనించి ఎత్తుట ప్రమాదకరము. కావున ఇంటిలోని వెడల్పు బండిని, ఇరుకు బండిని రెంటిని కొలిచి, చేతులు ఎంత సాగునో, ఎంత ముడుచుకొనునో వ్రాతమూలకముగా తీసికొనుడు. అమెరికాలోని మన పిల్లలు ఫోర్డు ఎఫ్-150 వంటి బండ్లు వాడుదురు. అది అద్దములు లేకుండగనే సుమారు 2,030 మిల్లీమీటర్లు. వారు పంపిన ఫోటో చూచి ఇక్కడ అదే లిఫ్టు కావలెననుట అనవసరము.

నాలుగు స్తంభముల లిఫ్టులో బండి చక్రముల మీదనే నిలుచును. ఒక బండి పైన, ఒకటి క్రింద ఉంచుకొనుటకు బాగుండును. కాని చక్రము ఊడదీయవలెనన్న దాని మీద మరల జాకీ కావలెను. ఇందులో చూడవలసినది టైరు వెలుపలి అంచునుండి రెండవ టైరు వెలుపలి అంచువరకు, అట్లే లోపలి అంచులమధ్య గల దూరము.

ఎత్తు సంగతి. స్కార్పియో-ఎన్ 1,857 మిల్లీమీటర్ల పొడవు నిలుచును. మనిషి క్రింద నిలబడి పనిచేయుటకు దానిని ఇంచుమించు అంతే లేపవలెను. అనగా రేకుల క్రింది దూలము 12 అడుగులకు పైన ఉండవలెను.

ఇక నేను అన్నిటికంటె ఎక్కువగా పట్టుబట్టినది నేల. రెండు స్తంభముల లిఫ్టును పడకుండ పట్టియుంచునది కాంక్రీటులోని బోల్టులే. ఆ గ్రామమంతయు నల్లరేగడి. వానకు ఉబ్బి, ఎండకు నెఱ్ఱెలు విచ్చు ఈ నేల మీద పలుచగా పోసిన గచ్చు రెండేండ్లలో చీలును. చీలిన గచ్చులో బోల్టు కదలును. షెడ్డులో పాత గచ్చును ఒక మూల పగులగొట్టించి చూచితిమి: మందము రెండంగుళములు, క్రింద ఇసుక. సాధారణముగా లిఫ్టువారు నాలుగంగుళములకు తక్కువ కాని గట్టి కాంక్రీటు అడుగుదురు. రేగడి నేలలో ఇంజనీరు సలహాపై నల్లమట్టి తీసివేసి, గ్రావెలు పోసి దిమ్మిస కొట్టించి, ఇనుము కట్టి పోయించుట ఉత్తమము. పోసిన కాంక్రీటుకు పూర్తి బలము వచ్చుటకు 28 దినములు పట్టును. మేస్త్రి వారమునకే బిగింతుమనును, వినవద్దు.

మోటారును వ్యవసాయ పంపు కనెక్షను నుండి నడుపరాదు. ఇంటి సింగిలు ఫేజుకు సరిపోవు మోటారును అడిగి తీసికొనుడు.

ట్రాక్టరును మాత్రము ఈ రెండు స్తంభముల లిఫ్టు మీదికి ఎక్కింపవద్దు. చేతులు ఆనించుటకు దానికి తగిన స్థానములు లేవు. ముందు ఇరుసు నడిమి మేకు మీద ఊగునది గనుక, ఇరుసు క్రింద జాకీ పెట్టి ఎత్తినను పై భాగము ఒక ప్రక్కకు ఒరుగవచ్చును. ఇరుసుకును చట్రమునకును మధ్య రెండు ప్రక్కల చెక్కచీలలు బిగించి, పనిముట్టును నేలకు దించి, వెనుక చక్రములకు దిమ్మలు అడ్డుపెట్టిన పిదపనే జాకీ ఎత్తవలెను. ఎత్తిన వెంటనే ఇనుప స్టాండ్లు నిలుపవలెను. వెనుక టైర్లలో నీరు నింపినచో ఒక్కొక్క చక్రము నూరు కిలోలకు మించి బరువెక్కును. ఒంటరిగా ఊడదీయ వద్దు.

లిఫ్టు వచ్చిన తరువాత కూడ బండిని ఒక అడుగు లేపి ఆపి, చేతితో ఊపి చూడుడు. పైకి పోయిన పిమ్మట ఇనుప తాళముల మీదికి దింపవలెను. నూనె ఒత్తిడి మీదనే నిలిచిన బండి క్రిందికి ఎవరును పోరాదు.

ఆ రైతు కొలతలన్నియు చూచుకొని, వర్తకుడు చెప్పినదానిని వదలి, స్తంభములు త్రిప్పి నిలుపు రకమును ఎన్నుకొనిరి. కాంక్రీటు పోసి నేటికి తొమ్మిది దినములు. రోజుకు రెండు పూటల తడుపుచున్నారు. ఈలోగా పట్టణమునుండి రెండు జతల స్టాండ్లు వచ్చినవి. మిగిలిన సిమెంటు ఇటుక కోళ్ళగూటి క్రిందికి పోయినది.