చదువుగదిలో విద్యున్నాదము

పరీక్షలు దగ్గరపడిన కొలదియు విద్యార్థి చెవులకు శత్రువులు పెరుగుచుందురు. గుడి మైకు ఒకవైపు, పొరుగింటి టెలివిజను మఱొకవైపు. వసతిగృహమైనచో వరండాలోని ముచ్చట్లు వేఱు. వీని నాపుట తన వశములో లేదు గనుక, తాను కోరిన ధ్వనితో కోరని ధ్వనిని కప్పివేయదలచి విద్యార్థి హెడ్‌ఫోన్లు తగిలించుకొనును. అది చూచిన ఉపాధ్యాయుడు "పాటలు వినుచు పాఠమెట్లు చదువుదువు?" అని మందలించును. ఆ మందలింపులో న్యాయము లేకపోలేదు. కాని అది ఎంతవఱకు న్యాయమన్నదియే విచారింపదగినది.

మాట యనునది తలుపు తట్టకయే లోనికి వచ్చు అతిథి. వెనుక మాటలు వినబడుచుండగా అక్షరముల వరుసను జ్ఞాపకముంచుకొనుట కష్టమనియు, ఆ మాటలు తెలియని భాషలోనివైనను ఆ కష్టము తప్పదనియు కోలె, వెల్ష్ అను మనశ్శాస్త్రజ్ఞులు 1976లో ప్రకటించిరి. 1989లో సలమే, బాడ్‌లీ అనువారు సంగీతమును పరీక్షకు పెట్టిరి. గాత్రము జ్ఞాపకమునకు ఎక్కువ చెఱుపు చేసినది. వాద్యము తక్కువ చేసినది. నిశ్శబ్దమును మించినది లేకపోయెను. కనుక పద్యము కంఠస్థము చేయువేళ సినిమా పాట పెట్టుకొనుట ఒక్క నోట రెండు పాటలు పాడబూనుటయే. ఇక మొజార్టును వినినచో తెలివి పెరుగునన్న ప్రచార మొకటి కలదు. దానికి మూలము 1993లో 36 మంది కళాశాల విద్యార్థులపై జరిగిన చిన్న పరీక్ష. అందు కనబడిన మేలు పదిపదునైదు నిమిషములకు మించి నిలువలేదు. ఆ ఆశ వదలుకొనుట మంచిది.

మఱి మాటలేనిది, తాళపు పోటులేనిది, వినుమని చేయిపట్టి లాగనిది అగు సంగీతము కలదా? కలదు. దాని పుట్టుకయు విచిత్రమైనదే. 1975 జనవరిలో బ్రయన్ ఈనో అను ఆంగ్ల సంగీతకారుడు లండనులో రోడ్డు ప్రమాదమునకు గుఱియై మంచము పట్టెను. చూడవచ్చిన స్నేహితురా లొకతె 18వ శతాబ్దపు హార్పు వాద్యపు రికార్డు నొకదానిని ఇచ్చి పోయెను. అతడు అతికష్టముమీద లేచి దానిని పెట్టి, మరల పండుకొన్న పిమ్మట గాని తెలియలేదు, ధ్వని మిక్కిలి తగ్గియున్నదని. పైగా రెండు మార్గములలో ఒకటి మూగవోయినదని. లేచి సరిచేయు ఓపిక లేదు. బయట వాన కురియుచున్నది. ఆ వానలో అచ్చటచ్చట మాత్రమే వినబడు స్వరములు గదిలోని వెలుగువలె, వాన చప్పుడువలె పరిసరములలో కలిసిపోయెను. సంగీతమును ఇట్లును వినవచ్చునని అతనికి అప్పుడు తోచెను.

ఆ యేడే 'డిస్‌క్రీట్ మ్యూజిక్' వెలువడెను. రికార్డు ఒక వైపంతయు, అనగా అరగంటకు పైగా, ఒక్కటే రచన. సింథసైజరు అను విద్యుద్వాద్యముపై రెండు చిన్న స్వరమాలలు. వాని నిడివి వేఱు వేఱు. ఒక టేపు యంత్రము ముద్రించిన దానిని రెండవది కొంత తడవునకు మరల వినిపించును. అది తిరిగి మొదటిదానిలో చేరును. నిడివి కలియదు గనుక స్వరములు ఎప్పటికప్పుడు క్రొత్తగా ఒరసికొనుచుండును. రచయిత యంత్రములను అమర్చి ప్రక్కకు తప్పుకొన్నట్లే. 1978 నాటి 'మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్'లో మనుష్యకంఠములు కూడ కలవు. అయితే మాటలు లేవు.

ఈ విద్య మన దేశమునకు పరాయిది కాదు. గీతా సారాభాయి 1946లో న్యూయార్కునకు పోయి, జాన్ కేజ్ అను స్వరకర్తకు భారతీయ సంగీతము నేర్పి, ఆయనవద్ద పాశ్చాత్య సంగీతము నేర్చుకొనెను. సంగీతము దేనికని ఆయన ప్రశ్నింపగా, మనస్సును ప్రశాంతపఱచుటకేయని తన గురువు చెప్పిన సమాధానము నామె వినిపించెను. కేజ్ దానిని జీవితాంతము తలచుకొనెను. తరువాత 1969లో అహమ్మదాబాదులోని జాతీయ డిజైను సంస్థలో డేవిడ్ ట్యూడర్ సాయమున మూగ్ సింథసైజరుతో విద్యుత్సంగీతశాల యొకటి నెలకొన్నది. గీతా సారాభాయితోపాటు అతుల్ దేశాయి, ఐ.ఎస్. మాథుర్, ఎస్.సి. శర్మ, జిన్‌రాజ్ జోషీపురా అందు పనిచేసిరి. కొలది యేండ్లకే ఆ శాల మూగవోయెను. టేపులు మాత్రము సంస్థ భాండారములోనే పడియుండెను. పాల్ పర్గస్ అను కళాకారుడు వానిని వెలికితీయగా 2023లో ప్రపంచము వినగలిగినది. అందు కొన్ని రచనలు చెవిని గట్టిగా లాగును. చదువు ముగిసిన పిదప వినదగినవి.

మఱుగునపడి తేలినవి వేఱు చోట్లను కలవు. జపానులో హిరోషి యోషిముర 1982లో చేసిన 'మ్యూజిక్ ఫర్ నైన్ పోస్ట్ కార్డ్స్' 2017లో మరల అచ్చయి లోకమంతట వ్యాపించినది. అప్పటికి ఆయన మరణించి పదునాలుగేండ్లు. ఇట్టివి ఒక పేరునుండి మఱొక పేరునకు పోవుచుండగా దొరకును. కాని ఆ వెదకుట చదువు గంటలో పెట్టుకొన్నచో గంట గడచును, పుస్తకము తెఱవబడదు. ఆదివారమునాడు తీరికగా వెదకి, ఒకటి రెండుమార్లు పూర్తిగా విని, క్రొత్తదనము కొంత అణగిన తరువాతనే దానిని చదువుబల్ల దగ్గరకు తేవలెను. ఈనోకు ప్రమాదవశమున తటస్థించిన ఆ తక్కువ ధ్వనిని మనము కావలెననియే పెట్టుకొనవచ్చును.

లెక్కలు చేయుటకు, నోట్సు తిరుగవ్రాయుటకు ఇది కొందఱికి తోడుపడునేమో; కంఠస్థమునకు తలుపు మూసికొనుటయే మేలు. నమ్మని తరగతిలో ఉపాధ్యాయుడే పరీక్షింపవచ్చును. పదేసి మాటల పట్టికలు మూడు వ్రాసి, ఒకటి నిశ్శబ్దములో, ఒకటి ఈ నాదములో, ఒకటి సినిమా పాటలో చదివించి, ఎవరికెన్ని జ్ఞాపకమున్నవో బోర్డుమీద వ్రాసిన చాలును. మిగిలిన వాదము పిల్లలు తమలో తామే చేసికొందురు.