కోలారు సైనైడు గుట్టలు – బాధ్యతా బీమా

కామసముద్రమునుండి ఉత్తరముగా మారికుప్పము, ఛాంపియన్ రీఫుల వైపు పోవువారికి కొండలవలె కనబడుచు కొండలు కాని బూడిదవన్నె గుట్టలు ఎదురగును. చుట్టుపట్ల జనులు వానిని సైనైడు గుట్టలందురు. బంగారము తీసికొనిన పిదప మిగిలిన రాతిపిండి అది. 1880లో జాన్ టేలర్ సంస్థ గనులను చేపట్టినది మొదలు 2001 ఫిబ్రవరి 28వ తేదీన భారత్ గోల్డ్ మైన్స్ మూతపడువరకు ఈ భూమినుండి వెలికివచ్చిన బంగారము సుమారు 800 టన్నులు. పైన మిగిలిన పిండి మూడు కోట్ల టన్నులకు మించినది. బంగారము ఎవరికి చేరినదో లెక్కలలో కలదు. ఈ పిండివలన పొరుగువారికి నష్టము కలిగినచో సొమ్ము ఎవరు చెల్లింతురు? ఈ ప్రశ్నను బాధ్యతా బీమా వైపునుండి పరిశీలించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశ్యము.

ముందుగా గుట్టలో ఉన్నదేమో తెలిసికొనవలెను. రాతిని మెత్తగా నూరి సైనైడు ద్రావణముతో బంగారమును కరగదీయు పద్ధతి 1887లో గ్లాస్గో నగరమున పుట్టినది. జనులు పేరునుబట్టి సైనైడునకే భయపడుదురు. నిజమునకు ఆరుబయట పడియున్న పిండిలోని సైనైడు ఎండకును గాలికిని కాలక్రమమున చాలవరకు విరిగిపోవును. విరిగిపోనిది సిలికా. మిక్కిలి సన్నని ఈ ధూళి ఊపిరితిత్తులలో చేరినచో సిలికోసిస్ వ్యాధి కలుగును; అది బయటపడుటకు పెక్కు సంవత్సరములు పట్టవచ్చును. గంధకముతో కూడిన ఖనిజములు గల పిండియైనచో వానకు తడిసి ఆమ్లమునుకూడ స్రవింపజేయును. ఆషాఢమున పడమటిగాలి లేచినప్పుడు గుట్టలకు తూర్పున కాపురమున్నవారికి ఇది శాస్త్రవిషయము కాదు, వాకిటిలో ఊడ్చుకొనవలసిన వస్తువు.

ఇక చట్టము. ఒకడు తన నేలపై అపాయకరమైన వస్తువును నిలువచేసి, అది తప్పించుకొని పొరుగువానికి హాని చేసినచో, తప్పు ఉన్నను లేకున్నను అతడే బాధ్యుడని 1868లో ఇంగ్లండు ప్రభువుల సభ రైలాండ్స్ వ్యాజ్యమున తీర్పు చెప్పినది. 1984 భోపాల్ దుర్ఘటన పిమ్మట, ఢిల్లీలో ఓలియము వాయువు వెలువడిన వ్యాజ్యమున మన సుప్రీముకోర్టు 1986లో ఇంకను ముందునకు పోయి, అపాయకర పరిశ్రమకు ఏ మినహాయింపులును లేని సంపూర్ణ బాధ్యతను విధించినది. అయితే బాధ్యత ఉండుట వేరు, చెల్లించుటకు సొమ్ము ఉండుట వేరు. ఆ లోటు తీర్చుటకే 1991లో పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ చట్టము వచ్చినది. దీని ప్రకారము అపాయకర పదార్థమును చేపట్టువాడు పని మొదలిడుటకు ముందే బీమా పాలసీ తీసికొనవలెను. పాలసీ మొత్తము సంస్థ మూలధనమునకు తగ్గరాదు. ప్రీమియముతో సమానమైన మరియొక మొత్తమును పర్యావరణ సహాయనిధికి చెల్లింపవలెను. బాధితుడు తప్పు ఎవరిదని రుజువు చేయనక్కరలేదు. జిల్లా కలెక్టరునకు దరఖాస్తు చేసిన చాలును.

ఇది మంచి చట్టమే. కాని దీనిని కోలారు గుట్టలముందు నిలిపి చూచినచో మూడు చోట్ల జారిపోవును. మొదటిది, ఈ చట్టము ప్రమాదమును ఆధారముగా గొన్నది. అనుకోని సంఘటన ఒకటి జరుగవలెను. ఏటేట గాలి మోయు ధూళికి సంఘటన ఏది, దాని తేదీ ఏది? రెండవది, ప్రమాదము జరిగిన అయిదేండ్లలోపల దరఖాస్తు పెట్టవలెను. 2010 నాటి జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టమునందును నష్టపరిహారమునకు గడువు ముఖ్యముగా అయిదేండ్లే. సిలికోసిస్ అంతకంటె నెమ్మది గలది. మూడవది, ప్రత్యేకనిధి ఏర్పరచుకొనినచో ప్రభుత్వ సంస్థలను బీమానుండి మినహాయించు అధికారము కేంద్రమునకు కలదు. 1956లో మైసూరు ప్రభుత్వము చేతికి, 1962లో కేంద్రము చేతికి వచ్చి, 1972లో భారత్ గోల్డ్ మైన్స్‌గా మారిన ఈ గనులు ఆ తరగతిలోనివే. ప్రభుత్వము దివాలా ఎత్తదను నమ్మకము ఆ మినహాయింపునకు మూలము. ప్రభుత్వము నిలిచియే యున్నది. గని కంపెనీయే మూతపడినది.

అమెరికాలో ఈ విషయమును వేరుగా విభజించిరి. 1976 చట్టము క్రింద 1982లో చేసిన నిబంధనల ప్రకారము అపాయకర వ్యర్థములను ఉంచు ప్రతి సంస్థయు ఆకస్మిక ప్రమాదములకై ఒక్కొక్క దానికి 10 లక్షల డాలర్ల రక్షణ చూపవలెను. భూమిలో పూడ్చువారును చెరువులలో నిలువచేయువారును, నెమ్మదిగా ఊటవలె కలుగు నష్టములకై అదనముగా 30 లక్షల డాలర్లు, సంవత్సరమునకు 60 లక్షలు చూపవలెను. 1985లో ఈ షరతులను, భూగర్భజల పరీక్షల షరతులను తీర్చలేక, భూమిలో వ్యర్థములు పూడ్చు సంస్థలలో సగమునకు మించి అనుమతి పోగొట్టుకొన్నవి. బీమా కంపెనీ ముందునకు రాకపోవుటయు ఒక విధమైన తనిఖీయే. అయినను మనము మురిసిపోనక్కరలేదు: అక్కడను ప్రభుత్వ సంస్థలకు మినహాయింపు కలదు, గనుల వ్యర్థములను 1980లోనే ఆ చట్టమునుండి పక్కకు తీసిరి.

ఈ విచారణ ఇప్పుడు అవసరమగుటకు కారణము కలదు. వెయ్యి ఎకరములకు పైబడిన నేలలోని 13 గుట్టలను తిరిగి శుద్ధిచేసి మిగిలిన బంగారము తీయవలెనను కేంద్ర ప్రతిపాదనకు కర్ణాటక మంత్రివర్గము 2024 జూన్‌లో అంగీకరించినది. పాత పిండిని కదలించినచో ధూళి లేచును. నీటితో కలిపినచో బురద కట్టలు కావలెను. 1994లో దక్షిణాఫ్రికాలోని మెరీస్ప్రూట్‌లో బంగారుగని బురదకట్ట తెగి 17 మంది మరణించిరి. 2000 జనవరిలో రుమేనియాలోని బాయా మారే వద్ద తెగిన కట్ట మరింత దగ్గరి ఉదాహరణ. అది పాత పిండినుండి బంగారము తీయు సంస్థదే. సుమారు లక్ష ఘనమీటర్ల సైనైడు నీరు తిస్సా నదిలోనికి, అందుండి డాన్యూబులోనికి పారినది. ఆ సంస్థలో భాగస్వామియైన ఆస్ట్రేలియా కంపెనీ ఎస్మెరాల్డా అదే సంవత్సరము అప్పుల నిర్వాహకుల అధీనమైనది.

బీమా కంపెనీ సంభవించునో లేదో తెలియనిదానిని కొనునుగాని, ఇప్పటికే జరుగుచున్నదానిని కొనదు. కట్ట తెగుట మొదటి తరగతిలోనిది. దానికి పాలసీ దొరకును. ఎగురుచున్న ధూళి రెండవ తరగతిలోనిది. దానికి ఏ పాలసీయు దొరకదు, దొరికినను ప్రీమియము నష్టముతో సమానమగును. కాబట్టి ఒక్క బీమాపత్రము చూపి రెండు బాధ్యతలును తీరినవనుట సరికాదు. గుట్టలను అప్పగించు ఒప్పందములోనే రెండును వేరువేరుగా ఉండవలెను: కట్టలకును సైనైడు నిలువలకును బీమా, ధూళికిని, పని ముగిసిన పిదప మిగులు క్రొత్త గుట్టకును, గుత్తదారు తిరిగి తీసికొనలేని డిపాజిట్టు. అది బంగారము మొదటి తులము అమ్ముడుపోకముందే బ్యాంకులో పడవలెను. గడువు లెక్క ధూళి ఎగిరిన నాటినుండి కాక, వైద్యుడు వ్యాధిని గుర్తించిన నాటినుండి మొదలు కావలెను. ఈ చివరి షరతునకు గుత్తదారులు తప్పక అభ్యంతరము చెప్పుదురు. పని ఆరంభమగుటకు ముందే గుట్టల తూర్పున నివసించువారి ఊపిరితిత్తులను పరీక్షింపించి వ్రాసి ఉంచినచో, ఏ వ్యాధి పాతదో ఏది క్రొత్తదో తేల్చుటకు ఆధారముండును. ఆ ఖర్చు మొత్తము ఖర్చులో మిక్కిలి స్వల్పము.